రేడియో నమూనా విమానాలు – బెంగళూరు చరిత్ర చెప్పే సంరక్షణ పాఠం

విమానం ఎగిరేది ఆకాశంలోనైనా దాని క్షేమం నేలమీదే నిర్ణయమవుతుంది. వందలమందిని మోసే పెద్ద విమానానికే కాక, విద్యార్థి చేతిలోని ట్రాన్స్‌మిటరుతో నడిచే చిన్న నమూనా విమానానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. ఇందుకు బెంగళూరు చరిత్రలో చక్కని నిదర్శనాలున్నాయి.

1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానం సహకారంతో, హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను ఇక్కడ నెలకొల్పారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ కర్మాగారం మిత్రరాజ్యాల విమానాల మరమ్మతుకు ప్రధాన కేంద్రమయింది. యుద్ధానంతరం కాన్పూరులో పనికిరానివిగా వదిలివేసిన లిబరేటర్ బాంబర్లలో సుమారు 40 విమానాలను ఈ సంస్థ పునరుద్ధరించి వాయుసేనకు అందించింది. ఇతరులు తుక్కుగా భావించినవి 1968 వరకు దేశానికి సేవ చేశాయి.

రేడియోతో నమూనా విమానాన్ని నడిపే విద్య కూడా ఇంచుమించు ఆ కాలం నాటిదే. అమెరికాకు చెందిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ సోదరులు 1937లో ‘గఫ్’ అనే నమూనాను రేడియో సంకేతాలతో ఎగురవేశారు. వాక్యూమ్ ట్యూబులు, బరువైన బ్యాటరీలు గల ఆనాటి పరికరాలు తరచు మొరాయించేవి. 1940ల చివర గ్లోప్లగ్ వాడుకలోకి రావడంతో చిన్న ఇంజన్ల బరువు తగ్గింది. మిథనాల్ ఆవిరి తగిలినంతసేపూ ఎర్రగా వెలిగే దానిలోని తీగచుట్ట ప్లాటినంతో చేసినది కావడం ఈ ప్లాటినం జూబ్లీ వేళ స్మరించదగిన విశేషం!

ఆ తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. అయినా ఒకే ఫ్రీక్వెన్సీపై ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు తెరిస్తే విమానం కూలిపోయేది. అందుకే క్లబ్బుల్లో ఫ్రీక్వెన్సీ బోర్డు ఉండేది. దానిపై తన ఛానెల్ క్లిప్పు తీసుకున్నవారే సెట్టు తెరవాలి. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చాక ఆ బెడద చాలావరకు తీరింది.

మానవరహిత విమానాలలోనూ బెంగళూరుది విశిష్ట స్థానం. ఇక్కడి ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ రూపొందించిన ‘లక్ష్య’ పారాచూట్‌తో దిగుతుంది. దానిని బాగుచేసి మళ్ళీ ఎగురవేస్తారు. ఇక నేను నివసించే ఎలక్ట్రానిక్ సిటీ, ఆర్.కె. బాలిగా దార్శనికతతో, కియోనిక్స్ సంస్థ ద్వారా 1970ల చివర కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల భూములలో వెలసింది. ఎలక్ట్రానిక్ పరికరాలు ఎంత మెరుగయ్యాయో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. కాని రేడియో మెరుగుపడినంత మాత్రాన వదులైన మర బిగుసుకోదు, అరిగిన హింజి అతుక్కోదు. రేడియో తప్పిదాలు తగ్గినకొద్దీ, మిగిలిన ప్రమాదాలలో మన అశ్రద్ధ వాటాయే పెద్దదవుతున్నది.

దీనిని తేలికగా తీసుకోరాదు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో దూసుకువచ్చే రెండు కిలోల నమూనా, ఆరేడు అంతస్తుల మేడ మీదనుండి పడిన రెండు కిలోల రాయితో సమానం. కనుక విద్యార్థులు కొన్ని నియమాలు అలవరచుకోవాలి. మొదట ట్రాన్స్‌మిటరు తెరచి, ఆపైన విమానానికి విద్యుత్తు కలపాలి. ఆపేటప్పుడు ఈ క్రమం తారుమారు కావాలి. రెక్కలు, హింజిలు, సర్వో చేతులు, తీగల కలయికలు చేతితో కదిపి చూడాలి. ప్రొపెల్లరుకు చిన్న పగులున్నా మార్చాలి. ట్రాన్స్‌మిటరును తక్కువ శక్తిలో ఉంచి, తయారీదారు చెప్పినంత దూరం నడిచి సంకేతం అందుతున్నదో లేదో పరీక్షించాలి. సంకేతం తెగితే మోటారు ఆగేలా అమర్చుకోవాలి. లిథియం పాలిమర్ బ్యాటరీలో సెల్లు పూర్తి ఛార్జిలో 4.2 వోల్టులు, 3 వోల్టుల కంటే దిగజారితే చెడిపోతుంది. ఉబ్బిన బ్యాటరీని వాడనేరాదు. ఛార్జి అవుతుండగా విడిచి వెళ్ళరాదు. ప్రతి ప్రయాణం తరువాత కనిపించిన లోపాన్ని, చేసిన మరమ్మతును పుస్తకంలో వ్రాయాలి. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమాలను తెలుసుకొని, ఎగురవేయదలచిన స్థలం ఏ జోన్‌లో ఉన్నదో డిజిటల్ స్కై పటంలో చూడటం కూడా ఈ తనిఖీలో భాగమే.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. జూబ్లీ సందర్భంగా పాఠశాలకు విజ్ఞాన పరికరాలు కానుకగా ఇవ్వాలనుకోవడం సహజం, అభినందనీయం. అయితే విడిభాగాలు, మరమ్మతు నేర్పే మనిషి లేనినాడు ఆ కానుక తొలి దెబ్బకే బీరువా చేరుతుంది. ఒక విమానం ఇచ్చేవారు రెండు ప్రొపెల్లర్లు, ఒక పనిముట్ల పెట్టె, నెలకొక పూట తమ సమయం కూడా ఇవ్వాలి. డెబ్భై ఐదేళ్ళుగా మన పాఠశాల నిలిచినదీ పునాదిరాయి వేసినవారి వల్ల మాత్రమే కాదు. ఏటేటా కప్పు నేయించి, బల్లలు బాగుచేయించి, పుస్తకాలకు అట్టలు వేయించినవారి వల్ల కూడా.