మందు ఆపితే ఏమవుతుంది? - ఇమిప్రమిన్ కథ

"మనసు తేలికపడింది కదా, ఇక ఈ మాత్రలెందుకు?" అన్న ప్రశ్న మీకో, మీ ఇంటివారికో ఎప్పుడైనా కలిగి ఉండవచ్చు. ఆ ప్రశ్న వయస్సు దాదాపు ఆ మాత్రల వయస్సే.

స్విట్జర్లాండులో కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున మ్యూన్‌స్టర్‌లింగెన్ అనే ఊరిలో ఒక మానసిక వైద్యశాల ఉన్నది. అక్కడి వైద్యుడు రోలండ్ కూన్‌కు బాసెల్ నగరపు గైగీ కంపెనీ ఒక కొత్త రసాయనాన్ని పరీక్షకు ఇచ్చింది. స్కిజోఫ్రెనియాకు పనికివస్తుందని ఆశ. పనికిరాలేదు సరికదా, కొందరు రోగులు మరింత ఉద్రేకం చెందారు. 1956లో కూన్ దానినే తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవారికి ఇచ్చి చూడగా, మూగవోయిన మనుషులు మళ్ళీ మాటలాడసాగారు. 1957 సెప్టెంబరులో జూరిచ్ మహాసభలో ఆయన ఈ సంగతి చెబితే విన్నవారు పట్టుమని పన్నెండుమంది! ఆ మందే ఇమిప్రమిన్. (ఆ వైద్యశాలలో ఎన్నో మందులను రోగుల అనుమతి లేకుండానే పరీక్షించారని 2019లో చరిత్రకారులు తేల్చారు. కీర్తితోపాటు ఈ మచ్చనూ చెప్పుకోవాలి.)

ఆ మందు వ్యాధిని మొదలంటా పెరికివేయదనీ, తొందరపడి ఆపితే లక్షణాలు తిరిగి వస్తాయనీ కూన్ ఆనాడే గమనించారు. నేను దానిని ఒక రోగి వలన నేర్చుకున్నాను.

1980లలో ఒక తాలూకా ఆసుపత్రిలో ఉండగా, ఒక ఉపాధ్యాయునికి ఇమిప్రమిన్ వ్రాసి ఇచ్చాను. రెండు నెలలలో కోలుకున్నారు. ఎంతకాలం వాడాలో చెప్పకపోవడం నా తప్పు. ఆయన తనంతట తానే మానివేశారు. ఆరు వారాలకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. ఒకనాటి రాత్రి, భార్యకైనా చెప్పకుండా, ఉద్యోగానికి రాజీనామా వ్రాశారు. కుంగుబాటులో మంచిచెడ్డలు తూచవలసిన మనసే జబ్బుపడి ఉంటుంది. "ఈ బాధ ఇప్పుడే తీరాలి" అన్న తహతహలో పొలం అమ్మడం, పెళ్ళి తెంచుకోవడం, మందు మానడం - అన్నీ ఒకే తీరు నిర్ణయాలు.

2003లో లాన్సెట్ పత్రిక 31 పరీక్షల ఫలితాలను కలిపి ప్రచురించింది: మందు కొనసాగించినవారిలో 18 శాతానికి, ఉత్తుత్తి మాత్రకు మారినవారిలో 41 శాతానికి జబ్బు తిరగబెట్టింది. 2021లో ఇంగ్లండులో 478 మందిని ఏడాదిపాటు పరిశీలిస్తే అవి 39, 56 శాతాలు. అంటే, మానినవారిలోనూ 44 శాతం నిలదొక్కుకున్నారు. మందు అందరికీ జీవితాంతం అవసరమని నేననను. ఎప్పుడు, ఎంత మెల్లగా తగ్గించాలన్నది మీ వైద్యునితో కూర్చుని తేల్చుకోండి. హఠాత్తుగా మానితే కొద్ది రోజులలోనే కళ్ళు తిరగడం, వికారం, నిద్రలేమి కలగవచ్చు. అది మందు తప్పిన ఇబ్బంది. వారాల తరబడి దిగులు చాపక్రింద నీరులా ప్రాకితే అది జబ్బు తిరగబెట్టడం. రెండింటికీ చికిత్స వేరు.

ఆ ఉపాధ్యాయుని ప్రధానోపాధ్యాయులు అనుభవజ్ఞులు. రాజీనామాను పైకి పంపక సొరుగులో దాచారు. మళ్ళీ మందు మొదలుపెట్టిన నెల తరువాత, ఆయనే వెళ్ళి దానిని తిరిగి తీసుకున్నారు.