పాత పత్రం చెప్పకనే చెప్పిందా? రోమ నిర్మూలన లేజరు వివాదంలో రుజువు తీరు

అమెరికాలో మంజూరైన పేటెంటును కొత్తదనం లేదన్న కారణంతో కోర్టులో కొట్టివేయించదలచినవారు, దాని క్లెయిములోని (హక్కు కోరిన ఆవిష్కరణ నిర్వచనంలోని) ప్రతి అంశమూ ముందే ఒకే పత్రంలో వెల్లడైందని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో చూపాలి. ఏదైనా అంశం ఆ పత్రంలో అక్షరరూపంలో లేకపోతే, అది అందులో ఇమిడే ఉందని నిరూపించడం ఎలా? వైద్య పరికరాలకు సంబంధించినంతవరకు మెహల్/బయోఫైల్-మిల్‌గ్రామ్ వ్యాజ్యంలో 1999లో, పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ ఉపయోగపడుతుంది.

వివాదంలోని పేటెంటు 1991 నాటిది. వెంట్రుక కుదురు రంధ్రంపై లేజరును దాదాపు నిలువుగా నిలిపి, అడుగున వెంట్రుకకు పోషణనిచ్చే పాపిల్లాను దెబ్బతీసి, వెంట్రుక మళ్లీ మొలవకుండా చేయడం దాని సారం. ప్రతివాదులు రెండు పత్రాలు చూపారు.

1. పచ్చబొట్లు చెరిపే రూబీ లేజరు వాడక పుస్తకం. పచ్చబొట్టున్న చోట వెంట్రుకలు ఉండవచ్చు, లేజరు వాటి కుదుళ్లపై పడనూ వచ్చు. కానీ అలా నిలపమని పుస్తకం చెప్పలేదు. అవకాశం ఉన్నంత మాత్రాన చాలదని కోర్టు తేల్చింది. 1981 నాటి ఓల్రిచ్ తీర్పుదీ ఇదే మాట.

2. పొల్లా, సహపరిశోధకులు 1987లో ప్రచురించిన వ్యాసం. వెంట్రుకలు తీసేసిన గినీ పందుల వీపుపై ఇదే తరహా లేజరును ప్రయోగించారు. వారి దృష్టి మెలనోసోములపై (చర్మకణాల్లోని వర్ణక రేణువులపై) ఉంది. రోమ నిర్మూలన వారి లక్ష్యం కాదు. అయినా పేటెంటును పడగొట్టింది ఈ వ్యాసమే. కుదుళ్లు నిండిన వీపుపై పరికరాన్ని పెడితే అది ఏదో ఒక కుదురుకు ఎదురుగా నిలవక తప్పదు. ఫలితం విలువను రచయితలు గుర్తించారా లేదా అన్నది కోర్టుకు పట్టలేదు. ప్రయోగం మనుషులపై జరగలేదన్న అభ్యంతరమూ నిలవలేదు. క్లెయిములో మనుషుల ప్రస్తావనే లేదు. ఫలితాన్ని మలుపు తిప్పింది, నా అంచనాలో, యంత్రం కంటే ఆ జంతువు చర్మమే.

ఇమిడి ఉన్న అంశాన్ని ఆనాటివారు గుర్తించి ఉండాలా అన్న విషయంలో మాత్రం తీర్పుల మధ్య పొంతన సందేహాస్పదం. లోపించిన అంశాన్ని నిపుణులు గుర్తించగలగాలని 1991 నాటి కాంటినెంటల్ క్యాన్ తీర్పు అన్నట్టు కనిపిస్తుంది. ఆనాటి గుర్తింపు అక్కర్లేదని 2003లో షెరింగ్ తీర్పు చెప్పింది. పాతదాన్ని తోసిపుచ్చకుండా, అది వాస్తవాలను తేల్చుకునేందుకే నిపుణుల వైపు చూసిందని వ్యాఖ్యానించింది. ఈ సర్దుబాటు కొంత బలవంతంగానే తోస్తుంది.

పాత ప్రయోగాన్ని మళ్లీ చేసి చూపడం బలమైన సాక్ష్యమే అయినా, ఎదురుతిరగవచ్చు. పరికరం కాకపోయినా 1995 నాటి గ్లాక్సో-నోవోఫార్మ్ రానిటిడిన్ మందు వ్యాజ్యం అందుకు ఉదాహరణ. పాత పేటెంటులోని ఒకే పద్ధతిని ఇరుపక్షాల నిపుణులు అనుసరిస్తే రెండు వేర్వేరు స్ఫటిక రూపాలు వచ్చాయి. పాత పద్ధతి ప్రతిసారీ పేటెంటైన రూపాన్నే ఇస్తుందని రుజువు కాకపోవడంతో గ్లాక్సో పేటెంటు నిలిచింది.