ఫిరంగీ, అంగ్రేజ్, ఆంగ్లేయుడు

అఫ్జల్‌గంజ్‌కు ఒకవైపు మూసీ నది, దాని కావల పాత నగరం. మరొకవైపు కోఠీలో, 19వ శతాబ్ది ఆరంభాన వెలసిన రెసిడెన్సీ భవనం. ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా (1857–1869) ధాన్యపు వర్తకులకు ఇచ్చిన స్థలంలో ఏర్పడిన ఈ గంజ్ ఆ రెండింటి నడుమ ఉన్నది. రెసిడెన్సీలోని తెల్లవారికి ఇక్కడి ప్రజలు వాడిన పేర్లు పరిశీలింపదగినవి. వాటిలో ముఖ్యమైనవేవీ తిన్నగా వారి నోటినుండి వచ్చినవి కావు.

అన్నిటిలో పాతది 'ఫిరంగీ'. గాల్ దేశాన్ని జయించి దానికి ఫ్రాన్స్ అనే పేరు తెచ్చిన జర్మన్ తెగ ఫ్రాంకులు. అరబ్బులు వారిని 'ఇఫ్రంజ్' అన్నారు. 11వ శతాబ్ది చివర శిలువ యుద్ధాలు మొదలయ్యాక పశ్చిమ ఐరోపానుండి వచ్చిన ప్రతివాడూ ఇఫ్రంజే అయినాడు. పారశీకంలో అది 'ఫరంగ్', 'ఫరంగీ'. 1498లో పోర్చుగీసులు మన తీరానికి చేరేసరికి వారికొక పేరు ఇక్కడ సిద్ధంగానే ఉన్నది. తమిళులు 'పరంగి' అన్నారు. తెలుగువారు మనిషిని వదలి అతని ఆయుధానికి ఆ పేరు ఇచ్చి, శతఘ్నిని ఫిరంగి అన్నారు.

అయితే అరబ్బులకు ఇంగ్లండు ప్రత్యేకంగా తెలియదనుకోరాదు. సిసిలీలోని నార్మన్ రాజు ఆస్థానంలో 1154లో భూగోళగ్రంథం ముగించిన అల్ ఇద్రీసీ ఆ ద్వీపాన్ని పేరు పెట్టి వర్ణించినాడు. ఆ పేరుకు మూలం ఫ్రెంచి రూపమే. సలాహుద్దీన్ చరిత్రకారుడు బహాఉద్దీన్ ఇబ్న్ షద్దాద్, 1191లో పాలస్తీనాకు వచ్చిన రిచర్డును 'మలిక్ అల్ ఇంకితార్' అన్నాడు. కాని ఈ మాట దక్కను చేరలేదు. ఇక్కడికి వచ్చిన 'అంగ్రేజ్' పోర్చుగీసుల 'ఇంగ్లేజ్' నుండి పుట్టినది. లకారం రకారమైనది, అంతే. ఒక జాతి పేరును దాని పోటీ వర్తకుల నోట విని నేర్చుకోవటం చరిత్రలో అరుదు కాదు.

ఫిరంగీ ఉండగా అంగ్రేజ్ ఎందుకు? ఇద్దరు ఫిరంగీలు పోట్లాడుకొన్నప్పుడు ఒక్క పేరు చాలదు. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమాండ్ ఉండేవాడు. నేటి ఆబిడ్స్ వద్ద గన్‌ఫౌండ్రీ, అనగా తోప్ కా సాంచా, ఆయన పేరుతో ముడిపడినదే. 1798లో ఆయన మరణించినాడు. అదే సంవత్సరం కంపెనీతో సంధి కుదిరి ఫ్రెంచి పటాలాలు నిరాయుధమైనవి. ఫ్రాన్సీసు ఎవడో అంగ్రేజు ఎవడో తెలియటం అప్పుడు రాజ్య క్షేమానికి సంబంధించిన విషయం. 'కంపెనీ అంగ్రేజ్ బహాదుర్' అన్నది రాజపత్రాల భాష. రెసిడెన్సీని కట్టించి, ఖైరున్నిసా బేగంను వివాహమాడిన కర్క్‌పాట్రిక్ స్కాట్లండ్ మూలాలు గల కుటుంబంవాడు. అయినా దక్కనుకు ఆయనా అంగ్రేజే.

ఫిరంగీ మొదట తిట్టు కాదు. 17వ శతాబ్ది చివర ఔరంగజేబు లక్నోలో ఒక ఐరోపా వర్తకుని పాత ఇంటిని ముల్లా ఖుత్బుద్దీన్ కుటుంబానికి ఇచ్చినాడు. దర్సె నిజామీ పాఠ్యక్రమం రూపొందినది ఆ ఇంటి ఉలమా చేతనే. వారు 'ఫిరంగీ మహల్' అనే పేరు మార్చుకోలేదు. మాటలోనికి ద్వేషం పాలన వెంట వచ్చినది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ పుత్లీబౌలీ వైపునుండి రెసిడెన్సీపై దాడి చేసిన కాలానికి, ఆ పిలుపు ఇంగ్లీషువారి చెవికి శత్రువు కేకగానే వినబడేది.

తెలుగు రచయితలు 'ఆంగ్లో' అన్న రూపానికి సంస్కృత ప్రత్యయం తగిలించి 'ఆంగ్లేయుడు' చేసినారు. ఆంగ్లులు 5వ శతాబ్దిలో ఉత్తర జర్మనీ ప్రాంతంనుండి ఆ ద్వీపానికి వలసపోయిన తెగ. స్కాట్లండు వానికి ఈ పేరు అతకదు. ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యాలు 1707లో, ఔరంగజేబు మరణించిన సంవత్సరంలోనే, ఒకటై గ్రేట్ బ్రిటన్ అయినవి. కాని 'బ్రిటిషు' అన్నది మన దగ్గర ఎక్కువగా ప్రభుత్వానికే చెల్లినది. మనిషి 'దొర'గానే ఉన్నాడు.

వారి దేశానికి తెలుగు పేరు 'సీమ', ఉర్దూ పేరు 'విలాయత్'. అరబ్బీలో ఆ మాటకు ఏలుబడిలోని ప్రాంతమని అర్థం. మెక్సికోనుండి వచ్చిన చెట్టు సైతం ఇక్కడ సీమచింత, విలాయతీ ఇమ్లీ అయినది. మొదటి ప్రపంచయుద్ధ కందకాల్లో బ్రిటిషు సిపాయి తన స్వదేశాన్ని ముద్దుగా 'బ్లైటీ' అనేవాడు. అది ఈ విలాయతీయే.