తుమ్మకాయల నుంచి దాణా బస్తాల దాకా

మే నెల మిట్టమధ్యాహ్నం. చెరువు గట్టు మీద నల్లతుమ్మ కొమ్మకు కాపరి దోటి తగిలించి గట్టిగా ఊపుతాడు. ఎండిన కాయలు జలజలా రాలతాయి. గొర్రెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఏరుకు తింటాయి. గరిక సైతం మాడిపోయే రోజుల్లో మందకు మాంసకృత్తులు దొరికేది ఈ కాయల్లోనే. ఇవాళ పశువైద్యులు అదనపు మేత అంటున్నదాన్ని గొల్లలు, కురుమలు తరతరాలుగా చెట్ల మీదే నిల్వ ఉంచుకున్నారు.

వాళ్ల మేత లెక్కంతా రుతువులదే. వరి కోశాక రాలిన గింజ, వేరుశనగ పీకాక మిగిలిన ఆకు, వానలకు లేచిన పచ్చిక. రాత్రిపూట రైతు చేలో మంద కట్టేవారు. పొలానికి ఎరువు దక్కేది, కాపరికి ధాన్యం ముట్టేది. ఎండాకాలం పాలమూరు మందలు కృష్ణ ఒడ్డుకో, నల్లమలకో సాగేవి. పల్ల, జోడిపి, డోర అని మూడు రకాలున్న నెల్లూరు గొర్రె ఇలాంటి నడకకు తగినదే: పొడుగు కాళ్లు, ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు. దేశంలో ఇంత ఎత్తు గొర్రె జాతి మరొకటి లేదు.

పిల్లల సంగతి వేరు. తల్లులు మేతకు వెళ్లాక వాటిని దొడ్డిలోనే ఉంచి, అవిసె కొమ్మలు కట్టగట్టి తలకు కాస్త ఎత్తులో వేలాడదీస్తారు. రెండు వారాల పిల్ల ముందు వాసన చూస్తుంది, తర్వాత లేత ఆకు కొసను కొరుకుతుంది. ఎంతో చిన్న పనిలా కనిపిస్తుంది గానీ పొట్టలో పెద్ద మార్పు మొదలయ్యేది అక్కడే. ఆకూ గింజా పడితేనే నెమరు పొట్ట ఎదుగుతుంది, పాలు మాన్పించేనాటికి పిల్ల తట్టుకుంటుంది. సుబాబుల్ ఆకు కూడా బలమైనదే. అయితే అందులోని మైమోసిన్ వల్ల, అదే మేతగా పెడితే వెంట్రుకలు రాలతాయి. అందుకే వేరే మేతతో కలిపి పెట్టాలి.

పండక్కి పెంచే ఇంటి పొట్టేలుకైతే ఉడికించిన ఉలవలు, తవుడు, వేరుశనగ చెక్క. ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. అలవాటు లేని పొట్టేలుకు ఒక్కసారిగా గింజ పెంచినా, తొలకరి పచ్చిక ఆబగా మేసినా చిటుకు రోగం వస్తుంది. సాయంత్రం బాగున్న జీవం తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. పేగుల్లోని ఒక సూక్ష్మజీవి విషమే దానికి కారణం. వానలకు ముందే టీకా వేయించేది ఇందుకే.

మేత ఎంతున్నా, అందులో చిటికెడు ఖనిజం లోపిస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో తేలింది. అక్కడ కడుపునిండా పచ్చిక మేసే గొర్రెలు కూడా చిక్కి చచ్చిపోయేవి. 1935లో శాస్త్రవేత్తలు లోపం కోబాల్టుదని తేల్చారు. బి12 విటమిన్‌లో కోబాల్టు ఉందని 1948లో బయటపడ్డాక ఆ ముడి పూర్తిగా వీడింది. నేడు మన దొడ్లలో వేలాడే ఖనిజ లవణ ఇటుక వెనక ఇలాంటి కథలున్నాయి.

తెలంగాణ ప్రభుత్వం 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్‌గా పంపిణీ మొదలుపెట్టింది. 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో ఆ రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మందలు పెరిగాయి గానీ బీళ్లు పెరగలేదు. అందుకే మక్క, చెక్క, తవుడు, ఖనిజ లవణాలు కలిపిన దాణా బస్తాలు ఊళ్లలోకి వచ్చాయి. దాణాతో పిల్ల త్వరగా బరువెక్కుతుంది, లేత వయసులోనే కోతకు వస్తుంది. అయితే పచ్చిక మేసిన జీవం మాంసంలో ఒమేగా-3 కొవ్వులు ఎక్కువ. సంతలో మాత్రం బేరగాడు ఇప్పటికీ పొట్టేలు నడుము మీద బొటనవేలు నొక్కి, వెన్నెముక పక్కన కండ ఎంతుందో చూసే ధర చెబుతాడు.