దూలగొండి గింజ – వణకు జబ్బు

రామగుండం, గోదావరిఖని ప్రాంతాలలో నేల క్రింద దొరికే బొగ్గు ఒకప్పటి వృక్షసంపదయే. 25 కోట్ల సంవత్సరాలకు పూర్వపు చెట్లు పూడిపోయి గోదావరి లోయలో బొగ్గుగా మారినవి. దానిని వెలికి తీయుటకు గనులు త్రవ్వవలసి వచ్చినది. నేల పైన, పొదల మీద అల్లుకొనే దూలగొండి తీగెలో దాగిన సంపదను వెలికి తీసినది మాత్రం ప్రయోగశాల.

దూలగొండి కాయ మీది నూగు తగిలితే భరింపరాని దురద పుట్టుతుంది. అందుచేత పిల్లలు దాని దరికి పోరు. కాని ఆయుర్వేద వైద్యులు కపికచ్చువు, ఆత్మగుప్త అనే పేర్లతో దీని గింజలను వాతరోగాలలో వాడుతూ వచ్చారు. ఆ గింజలో ఏమున్నది?

1937లో మదరాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఈ గింజల నుండి ఎల్-డోపా అనే అమైనో ఆమ్లాన్ని వేరు చేశారు. ఇదే పదార్థాన్ని 1913లో స్విట్జర్లాండులో గుగెన్‌హైమ్ ఒక జాతి చిక్కుడు నుండి తీశాడు. ఆయన రెండున్నర గ్రాములు తానే మ్రింగి చూడగా వాంతులయినవి! దాని ఉపయోగం అప్పటికి ఎవరికీ తెలియలేదు.

ఆ ఉపయోగాన్ని తెలిసికొనుటకు మరొక భారతీయ మొక్క తోడ్పడినది. సర్పగంధి వేరు నుండి 1952లో రిసర్పిన్ అనే మందును వేరు చేశారు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ కుందేళ్ళకు దానిని ఇవ్వగా అవి కదలలేక పడి ఉన్నవి. తరువాత డోపా ఇవ్వగానే లేచి తిరుగాడినవి. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఆయన సహచరుడు పార్కిన్‌సన్ వ్యాధితో మరణించినవారి మెదళ్ళను పరీక్షించి, వాటిలో డోపమిన్ చాలా తగ్గినదని చూపారు. చేతులు వణకుట, నడక మందగించుట ఈ వ్యాధి లక్షణాలు.

అయితే డోపమిన్‌నే ఇవ్వరాదా? అది రక్తం నుండి మెదడులోనికి ప్రవేశింపలేదు. ఎల్-డోపా ప్రవేశించి, అక్కడ డోపమిన్‌గా మారుతుంది. 1967లో అమెరికాలో కొట్జియాస్ డోపాను కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి రోగులను నడిపించాడు. ఆయన అంతకు పూర్వం చిలీ దేశపు మాంగనీసు గని కార్మికులలో ఇటువంటి వణకు జబ్బునే పరిశీలించినవాడు. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమానం లభించినది.

ఇక్కడ విద్యార్థులు ఒక భేదాన్ని గుర్తించవలెను. లోటు తీర్చుట వేరు, నాడీకణాన్ని కాపాడుట వేరు. ఎల్-డోపా తరిగిపోయిన డోపమిన్‌ను భర్తీ చేస్తుంది. నశించిన కణాలను బ్రతికించదు. దూలగొండి సారం నాడీకణాలను రక్షించునని కొన్ని జంతువుల మీది ప్రయోగాలు సూచించినవి గాని, మనుష్యులలో అది ఇంకా రుజువు కాలేదు. 2004లో లండనులో ఎనిమిదిమంది రోగులకు 30 గ్రాముల గింజల పొడిని ఇవ్వగా మామూలు మందుకంటె త్వరగా పని చేసినది. రోగులు ఎనిమిదిమందే. పైగా గింజలలో ఎల్-డోపా పాలు రకాన్ని బట్టి మారుతుంది గనుక, ఎవరికి వారు ఈ పొడిని వాడుట ప్రమాదం.

పొద చెప్పిన మాటను త్రోసివేయనూ రాదు, పరీక్షింపక నమ్మనూ రాదు. దూలగొండి చరిత్ర నేర్పే పాఠం ఇదే.