రద్దు వేరు, మిటానా వేరు

తెలుగులో 'రద్దు' అనే మాట మన ఉర్దూ ఇళ్లకు దగ్గరి చుట్టం. అరబీలో 'రద్ద్' అంటే తిప్పి పంపడం, కాదనడం. రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర దస్తావేజులు రాసేవాళ్ల నోట రోజూ వినిపిస్తుంది. ఒక దస్తావేజు రద్దయిందంటే అది మాయమైపోయిందని కాదు. రద్దు చేసినట్టు ఇంకో దస్తావేజు రిజిస్టర్ అవుతుంది, అంతే. పాతది దాని వాల్యూంలో, దాని పేజీలో అలాగే ఉంటుంది. నామోనిశాన్ లేకుండా చెరిపేయడానికి ఉర్దూలో వేరే మాట ఉంది, మిటానా. ఈ రెండిటికీ ఉన్న ఫరక్ పట్టించుకోకపోవడం వల్లే మన ఖాందాన్ల అమానత్ పాత కంప్యూటర్లతో పాటు కబాడీ బండెక్కి వెళ్లిపోతోంది.

హార్డ్ డిస్క్ తారీఖ్ 1956లో మొదలవుతుంది. ఆ ఏడాది ఐబీఎం కంపెనీ 'రామాక్' అనే యంత్రం తెచ్చింది. రెండేసి అడుగుల వెడల్పున్న 50 పళ్లేలు ఒకదాని మీద ఒకటి తిరిగేవి. అన్నీ కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్లో తీసిన ఒక ఫొటోకే దాదాపు అంత జాగా కావాలి. పళ్లెం చిన్నదైంది గానీ ఉసూల్ మారలేదు. పళ్లెం మీద అయస్కాంతపు పూత, ఏది ఎక్కడుందో చెప్పే ఒక పట్టిక. మనం డిలీట్ నొక్కి, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే కంప్యూటర్ పట్టికలోని పేరు మాత్రం కొట్టేసి, ఆ జాగా ఖాళీ అని రాసుకుంటుంది. క్విక్ ఫార్మాట్ చేస్తే కొత్త పట్టిక వేసుకుంటుంది. రిజిస్ట్రార్ ఆఫీసు జబాన్లో చెప్పాలంటే ఇండెక్స్ చింపారు, వాల్యూం బీరువాలోనే ఉంది. ఆ జాగాలో ఇంకేదైనా రాసేదాకా పాతది పాతదే.

అమెరికాలోని ఎంఐటీలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరఖాయించి చూశారు. 2000 నవంబర్ నుంచి 2002 ఆగస్టు దాకా సెకండ్ హ్యాండ్ బజార్లో 158 హార్డ్ డిస్కులు కొన్నారు. వాటిలో 129 పనిచేశాయి. సరిగ్గా చెరిపినవి 12 మాత్రమే. మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు, జబ్బుల వివరాలు, జాతీ ఉత్తరాలు దొరికాయి. ఒకటైతే ఏటీఎంలో వాడిన డిస్కు. అమ్మినవాళ్లలో చాలామంది తాము చెరిపేశామనే అనుకుని ఉంటారు.

ఇది అమెరికా ముచ్చటే కదా అనుకోవద్దు. మన డెల్టా పల్లెల్లోకి కంప్యూటర్ చాలా ముందే వచ్చింది. 2002లో పశ్చిమ గోదావరి జిల్లాలో మండలాల్లో గ్రామీణ ఈ-సేవా కేంద్రాలు తెరిచారు. చాలా చోట్ల స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లే వాటిని నడిపారు. తర్వాత నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు వచ్చాయి. కోనసీమ నుంచి, నరసాపురం నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లిన వేలమంది పాస్‌పోర్టు, వీసా, మెడికల్ కాగితాలన్నీ ఇలాంటి ఏదో ఒక మిషన్లో స్కాన్ అయినవే. ఇంట్లోని కంప్యూటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆడపిల్లల ఫొటోలు, రిష్తా కోసం పంపిన బయోడేటాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు. మస్జిద్ కమిటీ కంప్యూటర్లో జకాత్, ఫిత్రా తీసుకున్న బేవాల పేర్లు ఉంటాయి. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని నేర్చుకున్న కౌమ్ మనది. ఆ లిస్టు రెండొందల రూపాయల పాత సామాను ధరకి పోతే ఇచ్చినవాడి ఖులూస్ ఏమవుతుంది, తీసుకున్నామె ఇజ్జత్ ఏమవుతుంది?

డెల్టా జనానికి ఇంకో నమ్మకం ఉంది. నీళ్లు అన్నీ చెరిపేస్తాయని. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదని చూసిన నేల ఇది. అలాంటి వరదలో పెట్టె అడుగున దాచిన పట్టాలు, సర్టిఫికెట్లు ముద్దయిపోతాయి. మనకి నీళ్లతో అదబ్ కూడా ముడిపడి ఉంది. చిరిగిన ముస్‌హఫ్ పేజీల్ని చెత్తలో వేయం, గుడ్డలో చుట్టి పారే గోదావరికి అప్పగిస్తాం, లేదంటే పాతిపెడతాం. దాన్ని 'ఠండా చేయడం' అంటాం. ముహర్రంలో పీర్లని కూడా ఠండానే చేస్తాం. కాగితం నీళ్లలో కరుగుతుంది, సిరా కడుక్కుపోతుంది. హార్డ్ డిస్క్ అలా కాదు. అది నీళ్లకి లొంగదు, నిప్పుకి కూడా తొందరగా లొంగదు.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక ఆకాశంలో ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ఆ శిథిలాల్లో కాలి, కమిలిన ఒక హార్డ్ డిస్క్ దొరికింది. అందులోని ప్రయోగం లెక్కల్లో దాదాపు 99 శాతం నిపుణులు తిరిగి తీయగలిగారు. 2008లో ఆ ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి కూడా.

ఇక మన పక్కింటి ఉదాహరణ. 2023 డిసెంబర్ 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మర్నాడు రాత్రి హైదరాబాద్‌లోని స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్ ఆఫీసులో సీసీ కెమెరాలు ఆపేసి, ఫోన్ ట్యాపింగ్ సమాచారం ఉన్న హార్డ్ డిస్కులు కోసి ముక్కలు చేశారని, ఆ ముక్కల్ని మూసీలో పడేశారని పోలీసుల ఆరోపణ. 2024 మార్చిలో నది నుంచి ముక్కలు బయటికి తీశారు. అక్కడి పెద్దలు చెరపడానికి పడ్డారంటున్న తపన చూడండి. మన ఇళ్లలో అదే డిస్కుని పది నిమిషాలు కూడా పట్టించుకోకుండా బండివాడికి ఇచ్చేస్తున్నాం.

ఆ ఏడాదే ఆగస్టులో ధవళేశ్వరంలో ఇంకోటి జరిగింది. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసిన ఊరు అది. అక్కడి పోలవరం ఎడమ కాలువ భూసేకరణ ఆఫీసు దగ్గర సగం కాలిన కాగితాలు కనబడ్డాయి. పనికిరాని జిరాక్స్ కాపీలే అని ఆఫీసు వాళ్లు అన్నారు. విచారణ జరిగింది, కొందరు ఉద్యోగులు సస్పెండ్ అయ్యారు. అవి చిత్తుకాగితాలే అయినా అడిగే హక్కు భూమి ఇచ్చిన రైతుకుంది. ఎందుకంటే అది ఆఫీసు సొత్తు కాదు, ఆ రైతు గవాహీ.

నాకు అర్థమైనంతలో ఈ మొత్తం తారీఖ్ చెప్పే సబక్ ఇదే. చెరపడం తప్పూ కాదు, ఒప్పూ కాదు. ఎవరిది, ఎవరి ఎదుట చెరుపుతున్నామన్నదే అసలు సవాల్. హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్హు ఖురాన్ నకళ్లు రాయించినప్పుడు ముందు హజ్రత్ హఫ్సా దగ్గరున్న అసలు పత్రాలు తెప్పించారు. నకళ్లు పూర్తయ్యాక అసలు ఆమెకి వాపస్ ఇచ్చారు. నకళ్లు నలుదిక్కులా పంపారు. మిగతావి కాల్చేయమని బాహాటంగా హుకుం ఇచ్చారు. ముందు హిఫాజత్, తర్వాత చెరపడం. చీకట్లో ఏదీ లేదు.

కాబట్టి పాత కంప్యూటర్ ఇచ్చేసే ముందు రెండు కుప్పలు చేయండి. నికాహ్ రిజిస్టర్ స్కాన్లు, వక్ఫ్ కాగితాలు, దాదా నానాల ఫొటోలు మొదటి కుప్ప. వీటికి రెండు నకళ్లు తీసి రెండు చోట్ల పెట్టండి. మిగతాదంతా మిటానా.

తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్క్ అయితే మొత్తం మీద ఒకసారి కొత్తగా రాస్తే చాలు. 1996లో పీటర్ గట్‌మన్ అనే ఆయన 35 సార్ల పద్ధతి చెప్పాడు, ఇప్పటి డిస్కులకి అది అనవసరమని తర్వాత తనే అన్నాడు. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్కంతా సున్నాలు రాస్తుంది, క్విక్ ఫార్మాట్ రాయదు. విండోస్ 10, 11లో కంప్యూటర్ని రీసెట్ చేసేటప్పుడు అన్నీ తీసేయమని చెప్పి, 'క్లీన్ డేటా' కూడా ఆన్ చేయాలి. ఎస్ఎస్‌డీ అయితే పైన రాసినా లోపలి కొన్ని గదుల్లో పాతది మిగిలిపోవచ్చు. దానికి తయారు చేసిన కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. కంప్యూటర్ అసలు ఆన్ కాకపోతే డిస్క్ విప్పి తీసి, పళ్లేలకి డ్రిల్ వేయించి, వంచి, ఇ-వేస్ట్ తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వండి. గోదాట్లో వేయొద్దు. నది మురికవుతుంది, డిస్క్ మాత్రం చెరగదు.

మన దగ్గర ఎవరో పెట్టిన అమానత్‌కి ఖియానత్ చేయడానికి దొంగతనమే చేయనక్కర్లేదు. తాళం వేయకుండా ఇంటి ముందు వదిలేసినా చాలు.