మంచు సముద్రంలో మన ఊరి పేరు

మా సికింద్రాబాద్ పిల్లలకు ఓడలంటే హుస్సేన్ సాగర్‌లో గాలికి ఒరిగి మలుపు తిరిగే తెరచాప పడవలే. అసలు సముద్రం చూడాలంటే బందరు దాకా పోవాలి, మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా రెండో ప్రపంచయుద్ధంలో జంటనగరాల్లో ఒకదాని పేరు ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్లింది.

అప్పట్లో మా వైపు బ్రిటిష్ కంటోన్మెంటు. ట్యాంక్‌బండ్ దాటితే నిజాం పాలన. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ యుద్ధానికి భారీగా విరాళాలిచ్చారు. ఆస్ట్రేలియా నావికులు నడిపిన ఒక డిస్ట్రాయర్‌కు 'నిజాం' అని పేరు పెట్టారు. స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో కట్టిన ఒక కార్వెట్‌కు, అంటే చిన్న కాపలా ఓడకు, 'హైదరాబాద్' అని పెట్టారు. ఆ తరగతి ఓడలకు పూలమొక్కల పేర్లు పెట్టేవారు. దీనికీ మొదట 'నెటిల్' అనే పెట్టి, 1941లో మార్చారు.

చిన్న ఓడ. పొడవు 205 అడుగులు, వేగం 16 నాట్లు. నీటిపైకి తేలిన జర్మన్ జలాంతర్గామి దీన్ని దాటిపోగలదు. అయినా సరుకు ఓడలకు కాపలా కాయడమే దీని పని. నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి శత్రువు జాడ పట్టాలి. జాడ దొరికితే నీటి అడుగున పేలే పీపా బాంబులు వదలాలి.

1942 మేలో 35 సరుకు ఓడలు ఐస్‌లాండ్ నుంచి రష్యాకు బయలుదేరాయి. ఆ కాన్వాయ్ పేరు పీక్యూ-16. కాపలా ఓడల్లో 'హైదరాబాద్' ఒకటి. ఆ అక్షాంశాల్లో మే నెలాఖరుకు రాత్రి చీకటి పడదు, దాక్కునే చోటు లేదు. మే 26న యు-703 అనే జలాంతర్గామి టార్పెడో వేసి 'సైరోస్' అనే అమెరికా ఓడను ముంచేసింది. తర్వాత విమానాల దాడుల్లో మరిన్ని ఓడలు పోయాయి. మిగిలినవి రేవు చేరాయి.

ఆ ఏడాది డిసెంబరు 31న బారెంట్స్ సముద్రంలో జర్మన్ యుద్ధనౌకలు మరో కాన్వాయ్ మీద పడ్డాయి. అందులోని 14 సరుకు ఓడల్లో చమురు ట్యాంకర్ కూడా ఉంది. ఒక్క టార్పెడో తగిలినా ట్యాంకర్ మొత్తం అంటుకోవచ్చు. దూకినవాడికి చుట్టూ మండే చమురు, కింద మంచునీళ్లు. ఆ రోజు కాపలా ఓడల్లో 'అకేటిస్', 'బ్రాంబుల్' మునిగిపోయాయి. 14 సరుకు ఓడలూ క్షేమంగా రష్యా చేరాయి. ఆ కాపలాలోనూ 'హైదరాబాద్' ఉంది.

నిజాం ఖజానాలో రైతుల శిస్తు కూడా ఉంది. అంటే సముద్రం చూడని పల్లెల చెమట కూడా ఆ యుద్ధంలో ఉంది. యుద్ధం ముగిశాక 'హైదరాబాద్'ను తుక్కుకు అమ్మేశారు. ఈసారి సాగర్ గట్టున తెరచాపలు చూసేటప్పుడు మీ పిల్లలకు ఈ ఓడ కథ చెప్పండి.